పెద్ద పూలు గల మాట

నా తెలివితక్కువతనం గురించి ముందే చెప్పేస్తాను. మధ్యలో మీరే కనిపెడితే నాకు నామోషీగా ఉంటుంది. నా ఉద్యోగ జీవితమంతా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ కోచింగ్ సెంటర్లలో బాటనీ చెబుతూ గడిచింది. మొక్కల లాటిన్ పేర్లు నిద్రలో లేపి అడిగినా ఒప్పజెప్పేవాణ్ణి. లేపకుండానే ఒప్పజెబుతానని మా ఆవిడ ఫిర్యాదు. అయినా ఆ పేర్లు ఒక భాషలోని మాటలని, వాటికి అర్థాలుంటాయని, ఆ భాషకూ లింగాలూ విభక్తులూ ఉంటాయని నాకు ఏనాడూ తోచలేదు. ఫోన్ నంబరుకు అర్థం వెతుకుతామా? సెస్బేనియా గ్రాండిఫ్లోరా అంటే నా దృష్టిలో అవిసె చెట్టు ఫోన్ నంబరు, అంతే. కొన్ని వందల నంబర్లు కంఠతా పట్టి, నాకు చుట్టాలు చాలామంది ఉన్నారని మురిసిపోయాను.

ఇప్పుడు పాఠాలు చెబుతున్న చిన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా దారిలో నడవమని కాదు. గుంత ఎక్కడుందో చూపిస్తే, దూకాలో దాటాలో మీరే తేల్చుకుంటారని.

అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఏ పొద్దున బంద్ పిలుపు వస్తుందో, ఏ మధ్యాహ్నం రాస్తారోకో మొదలవుతుందో తెలిసేది కాదు. పోయిన క్లాసులన్నీ ఆదివారం మీద పడేవి. పాపం ఆదివారం ఎన్ని క్లాసులని మోస్తుంది? మా సందులో ఉద్యమం ఫ్లెక్సీలూ, ర్యాంకర్ల ఫ్లెక్సీలూ పక్కపక్కనే ఉండేవి. అక్కడ పిడికిళ్ళు, ఇక్కడ బొటనవేళ్ళు.

మా లోకంలో మనుషులకు పేర్లుండవు, సబ్జెక్టులుంటాయి. ఫిజిక్స్ సార్, జువాలజీ సార్, సంస్కృతం సార్. నేను బాటనీ సార్‌ను. ఆ ఏడాది కృష్ణా జిల్లా నుంచి ఇంకొకావిడ చేరింది. చురుకైన మనిషి, నాకంటే చాలా చిన్నది. ఆమె బాటనీ మేడం. మెయిన్ బ్రాంచి స్టార్ బ్యాచి మాత్రం మొదటి నుంచీ నాదే. స్టార్ బ్యాచి అంటే మెడికల్ సీటు వస్తుందని సెంటరు నమ్మిన పిల్లల గుంపు. ఆ బ్యాచికి చెప్పేవాడి ఫోటో ఫ్లెక్సీ మీద ఒక మూలన పడుతుంది. పోచంపల్లి మగ్గాల ఇంటి నుంచి వచ్చిన నాకు ఆ మూలే సింహాసనం.

ఒకరోజు ఆ బ్యాచిలో చిక్కుడు కుటుంబం చెబుతున్నాను. అవిసె, సెస్బేనియా గ్రాండిఫ్లోరా. అంతకుముందు వారం మల్లె కుటుంబంలో జాజి, జాస్మినమ్ గ్రాండిఫ్లోరమ్. ముందు బెంచీలో సరూర్‌నగర్ అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది.

"సార్, జర ఆగుండ్రి. అవిసెకు గ్రాండిఫ్లోరా అన్నరు. జాజికేమో గ్రాండిఫ్లోరమ్ అన్నరు. తోక ఎందుకు మారింది సార్?"

"పేరు పెట్టినాయన ఇష్టం అమ్మా."

"గట్ల ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు పెడ్తరా సార్?"

"పరీక్షలో 'ఎందుకు' అని అడగరు. 'ఏది' అని అడుగుతారు. రాసుకో."

రాసుకుంది. రాసుకుంటూ ఒక్కసారి తలెత్తి చూసింది. మగ్గం మీద పోగు తెగితే మా అమ్మ అలాగే చూసేది. కోపం ఉండదు. ఎక్కడ తెగిందా అని వెతుకుతుంది, అంతే. ఆ చూపు నాతో పాటు ఎల్బీనగర్ బస్సెక్కింది, ఇంటికొచ్చింది, అన్నం ముందు కూర్చుంది. నిజమే, తోక ఎందుకు మారింది?

సరిగ్గా ఆ వారమే చైర్మన్ గారు పిలిచారు. ఆయనది నల్లగొండ వైపు. ఒక్క షట్టరుతో మొదలుపెట్టి ఇంత చేసిన మనిషి. నన్నూ మేడంనూ ఎదురుగా కూర్చోబెట్టి, చాయ్ చెప్పించారు. చాయ్ చెప్పించారంటే వార్త మంచిది కాదని మాకందరికీ తెలుసు.

"బంద్‌లతోని పరేషానైతున్నం సార్. పిల్లలు ఊర్లకు పోతున్నరు. రెండు బ్యాచులు కలిపి ఒకటి చేస్తున్న. బాటనీకి ఈడ ఒక్కరు చాలు. మీరిద్దరు ఒక్కొక్క డెమో ఇయ్యుండ్రి. చిక్కుడు కుటుంబమే, ఇద్దరికీ ఒకటే పాఠం. నేను ఎన్క బెంచీల కూసుంట."

"రెండోవాళ్ళ సంగతేంది సార్?" అన్నాను.

"చూద్దాం."

కోచింగ్ భాషలో 'చూద్దాం' అంటే ఇంటికి అని అర్థం. డెమో అంటే కొత్తగా చేరబోయేవాళ్ళు చెప్పే పరీక్ష పాఠం, మా లోకపు పెళ్ళిచూపులు. ఇన్నేళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి డెమో ఇమ్మనడమంటే మనవలు పుట్టాక మళ్ళీ పెళ్ళిచూపులకు కూర్చోబెట్టడమే. బయటికొచ్చాక మేడం, "సార్, మీరేమీ అనుకోకండి. నేను కోరి అడిగింది కాదండీ ఇది" అంది. ఆమె చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది. నేను తాగేశాను. చైర్మన్ గారి చాయ్ వదిలేసేంత ఆత్మగౌరవం అప్పటికి నాకు ఏర్పడలేదు.

బుద్ధున్నవాడైతే ఆ వారమంతా చిక్కుడు కుటుంబాన్ని నున్నగా తోముకుంటాడు. నేను గ్రాండిఫ్లోరా వెంట పడ్డాను.

మర్నాడు బంద్. ఎల్బీనగర్ నుంచి సంస్కృతం సార్ ఇంటికి నడుచుకుంటూ బయలుదేరాను. మాలో మాటల తోకల సంగతి తెలిసినవారు ఆయనొక్కరే. చౌరస్తాలో టెంటు, పాటలు, డప్పు. తెలిసిన కుర్రాడొకడు, "సార్, బంద్ నాడు గూడ క్లాసా? బంద్ పెట్టుండ్రి సార్" అన్నాడు. "క్లాసు లేదురా, నాకే ఒక డౌటు" అన్నాను. "డౌటేంది సార్, తెలంగాణ ఒస్తది!" అని భరోసా ఇచ్చి పంపాడు. కొత్తపేట పండ్ల మార్కెట్ అప్పుడు అక్కడే ఉండేది, ఇంకా బాటసింగారం పోలేదు. లారీలు ఆగిపోయి బత్తాయిల వాసన రోడ్డంతా కూర్చునుంది.

సంస్కృతం సార్ సెంటరు వెనక గల్లీలోనే ఉండేవారు. గుంటూరు వైపు మనిషి. ఆయన సబ్జెక్టు గురించి ఒక మాట. మా పిల్లలు సంస్కృతం తీసుకునేది మార్కులు పండుతాయని. ఒక్క శ్లోకం అర్థం కాకుండా నూటికి దగ్గర దగ్గర తెచ్చుకునేవాళ్ళు. అందువల్ల ఆయనా నాలాంటివాడే. నేను అర్థం తెలియకుండా చెప్పేవాణ్ణి, ఆయన అర్థం తెలిసీ చెప్పనక్కర్లేనివారు. సగం దించిన షట్టరు కింద నుంచి వంగి ఇద్దరం క్లాసు గదిలోకి చేరాం. సంగతి చెప్పాను.

"గ్రాండి అంటే ఏవిటండీ బాటనీ గారూ?"

"పెద్ద అనుకుంటా. గ్రాండ్ అంటాం కదా."

"ఫ్లోరా?"

"పువ్వు."

"అయితే పెద్ద పువ్వు. కానీ మీ అవిసె పువ్వా, చెట్టా?"

"చెట్టు."

ఆయన సుద్దముక్క కింద పెట్టి, పెళ్ళికొడుకు దొరికిన తండ్రిలా నా రెండు చేతులూ పట్టుకున్నారు. "పెద్ద పువ్వు కాదండీ, పెద్ద పువ్వు గలది! ఇది బహువ్రీహి. పసుపు బట్ట పీతాంబరం. అది కట్టుకున్నవాడు పీతాంబరుడు. బహువ్రీహి అనే మాట కూడా బహువ్రీహే. బోలెడు వడ్లు గలవాడు అని అర్థం. ఉన్న సొత్తు పేరు చెప్పి మనిషిని పిలవడమండీ."

నేనూ ఒక సుద్దముక్క అందుకున్నాను. ఆయనకు లాటిన్ రాదు. నాకు సంస్కృతం రాదు. మా మధ్య ఒక నల్లబల్ల. నాకొచ్చిన పేర్లన్నీ ఎక్కించాను. సెస్బేనియా అని 'ఆ' తోక ఉంటే పక్కన గ్రాండిఫ్లోరా. జాస్మినమ్ అని 'అమ్' ఉంటే గ్రాండిఫ్లోరమ్. ఎక్కడో 'అస్' దొరికితే గ్రాండిఫ్లోరస్. ఆయన చూసి, "సుందరః, సుందరీ, సుందరం లాంటి ఏర్పాటేదో ఉందండీ వీళ్ళకి కూడాను. పేరు ఏ లింగమైతే విశేషణమూ అదే. మొగుడి వెంట పెళ్ళాం నడిచినట్టు" అన్నారు.

"మా ఇంట్లో అయితే తిప్పి చెప్పాల" అన్నాను.

ఇంకో విచిత్రం కూడా కనబడింది. తోక ఎన్ని తిప్పలు పడ్డా ముందున్న 'గ్రాండి' మాత్రం కదలడం లేదు. రెండు మాటలు కలిసిన రోజునే మొదటిది తన విభక్తులన్నీ వదిలేసుకుంది, ఇక మార్పులన్నీ రెండోదానివే. ఊరంతా విభజన గురించి అరుస్తున్న పూట మేమిద్దరం విభక్తుల గురించి గుసగుసలాడుకుంటున్నాం. ఇక్కడ ఉమ్మడి రాష్ట్రం మీద ఏదో ఒక చమత్కారం విసరాలని మీకు అనిపిస్తుంది. ఆయనకూ అనిపించింది, నాకూ అనిపించింది. ఇద్దరం ఒకరినొకరం చూసుకుని ఫ్లాస్కులోంచి చాయ్ పోసుకున్నాం.

అంతలో మా సిద్ధాంతానికి అడ్డంగా ఒక చెట్టు పడింది. పాత పుస్తకాల్లో దేవదారు చుట్టానికి పైనస్ లాంగిఫోలియా అని పేరు. పొడుగాకులు గలది. పైనస్ అని 'అస్' ఉంది, పక్కన లాంగిఫోలియా అని 'ఆ' ఉంది! రావి కూడా అంతే. ఫైకస్ రెలిజియోసా.

"పేరు పెట్టినాయన తప్పు చేశాడేమోనండీ" అన్నారు సంస్కృతం సార్.

"ఇష్టమొచ్చినట్టు పెడ్తరా సార్?" అన్నాను. సరూర్‌నగర్ అమ్మాయి నా గొంతులోంచి మాట్లాడింది.

మర్నాడు షట్టర్లు లేవగానే నెట్ సెంటర్‌కు పోయి కూర్చున్నాను. చుట్టూ పిల్లలు ఫలితాలు చూసుకుంటున్నారు. నేను రోమన్ల దగ్గరికి పోయాను. తెలిసిందేమిటంటే, ఆ భాషలో చెట్లు ఆడవాళ్ళు. పేరు మగవాడిలా ఉన్నా సరే, చెట్టయితే చాలు, ఆవిడే. అందుకే రావమ్మ పక్కన రెలిజియోసా. మరో సంగతి. పువ్వుకు వాళ్ళ మాట ఫ్లోస్. విభక్తి తగలగానే అది ఫ్లోరిస్ అవుతుంది, 'స' కాస్తా 'ర'గా మారుతుంది. పరుగెత్తుకొచ్చి చెబితే సంస్కృతం సార్ కుర్చీలోంచి లేచి, "దుస్, ఆశ కలిస్తే దురాశ కాలేదూ మనకి! అదేనండీ, అదే!" అని కేకేశారు. పక్క గదిలోంచి ఫిజిక్స్ సార్ వచ్చి ఎవరికి సీటొచ్చిందని అడిగాడు.

డెమో రోజు మొదటి పాఠం మేడంది. ఎంత బాగా చెప్పిందో! కుటుంబ లక్షణాలు, పూల చిత్రం, మొక్కల పేర్లన్నీ ఒక వరసలో పాటలా కట్టి పిల్లల చేత పాడించింది. చివర్లో చిన్న పరీక్ష పెట్టింది, అందరూ రాశారు. గంట కొట్టకముందే సుద్ద చేతులు దులుపుకుంది.

తరువాత నేను. మేడం కూడా వెనక బెంచీలో కూర్చుని వింది. టిఫిన్ డబ్బాలో అవిసె పూలూ, ఇంకో డబ్బాలో జాజులూ పట్టుకుపోయాను. ముందు అనుకున్నది ఏమంటే, మొదట కాసేపు గ్రాండిఫ్లోరా చెప్పి, మిగతా పీరియడంతా చిక్కుడు కుటుంబం లాగిద్దామని. డబ్బాలు బెంచీల వెంట తిరిగాయి. అవిసె పువ్వు చంద్రవంకలా అరచేయంత ఉంది. జాజి ఇంత.

"సార్, గిది పెద్ద పువ్వా?" అని వెనక నుంచి ఒకడు జాజి ఎత్తి చూపించి నవ్వాడు.

"మల్లెల ఇంట్లో పెద్దది. పెద్ద అనేది ఎప్పుడూ ఇంట్లోవాళ్ళతో పోల్చి చెప్పేదే. నేను మా ఇంట్లో పెద్దవాణ్ణి. మా వీధిలో ఎవడూ నమ్మడు."

ఆ నవ్వుల్లోంచి ప్రశ్నలు మొదలయ్యాయి. తోకల లెక్కా, పైనస్, రావి చెట్ల ఆడతనమూ చెప్పాను. సరూర్‌నగర్ అమ్మాయి లేచి, "అయితే సార్, రావి చెట్టు ఆడామెనా?" అంది. "రోమన్లకు ఆడామె." "మరి మన దగ్గర రావికి వేపకు పెళ్ళి చేస్తరు గద సార్, అక్కడ రావి పెండ్లికొడుకు!" గది గొల్లుమంది. ఎవరో "రెండు రాష్ట్రాలల్ల రెండు తీర్ల సార్!" అన్నాడు. బహువ్రీహి చెప్పాను. పిల్లలు తెలుగులో వెతకడం మొదలుపెట్టారు. ముక్కంటి, చక్రపాణి. కొత్త పేర్లు కట్టడం మొదలుపెట్టారు. నాకు గడియారం కనబడలేదు. నిజం చెప్పాలంటే చైర్మన్ గారు కూడా కనబడలేదు. గంట కొట్టేసరికి బల్ల మీద చిక్కుడు కుటుంబం నుంచి ఒకే ఒక్క మొక్క ఉంది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. చైర్మన్ గారూ కొట్టారు. తరువాత గదిలోకి పిలిచారు. చాయ్ చెప్పించారు.

"మస్తుగ చెప్పిన్రు సార్. నేను గూడ ఇన్న. మా ఇంటి ముంగట అవిసె చెట్టున్నది, గింత కథున్నదని నాకెర్కలేదు." గ్లాసు బల్ల మీద గుండ్రంగా తిప్పారు. "గని సార్, గిది ఎన్ని మార్కులకొస్తది?"

"రాదు సార్."

"మరి?"

ఆయన తప్పేమీ లేదు. సగం సిలబస్ బంద్‌లలో కొట్టుకుపోయింది. తల్లిదండ్రులు రోజూ ఫోన్ చేసి పీకుతున్నారు. అయినా నాకు ఆ 'మరి' లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. "పాత మనుషులు, మిమ్మల్ని ఇంటికి పంప. ఎల్బీనగర్ బ్రాంచి చూసుకోండ్రి" అన్నారు. ఆ బ్రాంచి టైర్ల షాపు మీద ఒకటే గది. అక్కడి పిల్లల మీద ఎవరికీ నమ్మకం లేదు కాబట్టి ఫ్లెక్సీలుండవు.

సాయంత్రం సందు మొదట్లో స్టార్ బ్యాచి మగపిల్లలు చుట్టుముట్టారు.

"సార్, మీరు జర ఊ అనుండ్రి. రేపటి సంది క్లాసులు బాయ్‌కాట్. మనోళ్ళను తీసేసి ఆంధ్రా మేడంను పెడ్తరా? గీ టైంల?"

ఊ అంటే చాలు. ఆ రోజుల్లో ఆ ఒక్క అక్షరం ఎంత పనైనా చేసేది. పిల్లల వెనక విద్యార్థి సంఘం, సంఘం వెనక టీవీ వచ్చేవి. నా సింహాసనం మూల నాకు తిరిగొచ్చేది. నోటి దాకా వచ్చింది కూడా. నేను తెలంగాణ కావాలన్నవాణ్ణే. చౌరస్తా టెంటులో కూర్చుని వచ్చినవాణ్ణే. కానీ కావలసింది స్టార్ బ్యాచి అయినప్పుడు తెలంగాణ పేరు చెప్పడం నాకే ఎబ్బెట్టుగా అనిపించింది.

"ఆమె పాఠం మొత్తం చెప్పింది. నేను ఒక్క చెట్టు దగ్గర ఆగిపోయిన. లెక్క సాఫ్‌గా ఉంది. పోయి చదువుకోండ్రి."

"అయితే మీకు కోపం లేదా సార్?"

"ఉంది. అది నాది. మీకెందుకు?"

మర్నాడు సామాను సర్దుకుంటుంటే మేడం గుమ్మంలో నిలబడింది. బాయ్‌కాట్ సంగతి ఎవరో చెప్పినట్టున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "సార్, గొడవవుతుందంటే నేనే మానేసి మా ఊరెళ్ళిపోదామనుకున్నానండీ" అంది. నేను పుస్తకాలు సంచిలో సర్దుతూనే ఉన్నాను. ఒక పుస్తకం అందిస్తూ, "ఆ పైనస్ సంగతి నాకు సరిగా అర్థం కాలేదు. ఇంకోసారి చెప్తారా?" అంది. నిలబడే చెప్పాను. ఆ తరువాత కొన్నాళ్ళకు తెలిసింది, ఆమె తన పాటకు చివర్లో తోకల మీద ఒక చరణం చేర్చిందట. గంట కొట్టాక, వినాలనుకున్నవాళ్ళు ఉండి వినే చరణం.

ఎల్బీనగర్ టైర్ల షాపు మీద నాకు తీరిక దొరికింది. సీటు మీద ఆశ లేని పిల్లలు ఎన్ని ప్రశ్నలైనా అడుగుతారు. నేను లాటిన్ విభక్తులు పూర్తిగా నేర్చుకున్నది అక్కడే. కింద టైరుకు గాలి కొడుతుంటే పైన మేము గ్రాండిఫ్లోరస్, గ్రాండిఫ్లోరీ, గ్రాండిఫ్లోరో అని చదివేవాళ్ళం. రాష్ట్రం వచ్చింది. ఫ్లెక్సీల్లో మొహాలు మారాయి. నా వయసు నిండింది.

వీడ్కోలు సన్మానం మెయిన్ బ్రాంచి కొత్త ఏసీ హాల్లో పెట్టారు. చైర్మన్ గారికి ఎవరో పెద్ద బంతిపూల దండ వేశారు. గడ్డం దాకా వచ్చింది. ఆయన ఒళ్ళో నాకు కప్పాల్సిన శాలువా ఉంది. బయట బిర్యానీ డేగిశాలు వచ్చేశాయి. వాసనకు ఫిజిక్స్ సార్ అప్పటికే రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాడు. సభ నడిపిస్తున్నది బాటనీ మేడం. ఇప్పుడామె ఆ శాఖకు హెడ్. మైకు నా చేతికిస్తూ, పద్ధతి ప్రకారం "రెండు మాటలు మాట్లాడతారు" అనాలి. ఆమె నా వైపు చూసి, చైర్మన్ గారి వైపు చూసి, అందరికీ వినబడేట్టు అంది:

"సార్‌కు ఈ రోజు టైమ్ లిమిట్ లేదండీ."

శాలువా కప్పేది సన్మానితుడి ప్రసంగం అయ్యాకే. అప్పటిదాకా చైర్మన్ లేవకూడదు. ఆ ఆనవాయితీ ఆయన పెట్టిందే.

పెద్ద అనే అర్థమున్న గ్రాండిస్ నుంచి మొదలుపెట్టాను. ఫ్లోస్‌లో 'స' కాస్తా 'ర'గా మారడం, బహువ్రీహి, చెట్ల ఆడతనం, ఏదీ వదల్లేదు. తరువాత విభక్తులు. పుంలింగం ఏకవచనం నడుస్తుంటే ముందు వరసలోంచి సంస్కృతం సార్, "సంబోధన మరిచారండీ!" అని అందించారు. ధన్యవాదాలు చెప్పి, దండలో మునిగిన చైర్మన్ గారి వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి పిలిచాను: "గ్రాండిఫ్లోరే! అంటే, ఓ పెద్ద పూలు గలవాడా!"

హాలు ఊగిపోయింది. ఆయనా నవ్వారు. తరువాత ద్వివచనం లేదు కాబట్టి బహువచనానికి పోయాను. అది పూర్తి చేసి, నీళ్ళు తాగి, స్త్రీలింగం ఎత్తుకున్నాను. ఏసీ బాగా పనిచేస్తోంది. షష్ఠీ బహువచనం, గ్రాండిఫ్లోరారుమ్ దగ్గర, కంటి చివరి నుంచి చూశాను. చైర్మన్ గారు నా శాలువా మడతలు నెమ్మదిగా విప్పి, తన భుజాల చుట్టూ కప్పుకుంటున్నారు.

నపుంసకలింగం ఇంకా మొదలే పెట్టలేదు.